బాలమణి తెచ్చిన నీళ్లు

ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున బాలమణి కూతురు శ్రీలత మా ఇంటికి వచ్చింది. నాచారంలో ఒక బడిలో సైన్స్ టీచరుగా చేస్తోంది. చెప్పులు విప్పుతూనే, ఒక్కసారి తమ బడికి రావాలని అడిగింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాక అసలు సంగతి చెప్పింది. వాళ్ల బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు వారానికి ఒక పూట మూడో తరగతి గదికి వెళ్లి, చిన్నవాళ్ల చేత చిన్న చిన్న ప్రయోగాలు చేయిస్తున్నారట. టీచరును అడగడానికి జంకే పిల్లలు ఈ అక్కల్నీ అన్నల్నీ మాత్రం ప్రశ్నలతో తినేస్తున్నారట. చిన్నవాళ్ల ముందు తడుముకోవాల్సి వస్తుందన్న భయంతో పెద్దవాళ్లు ముందురోజే చదువుకొని వస్తున్నారట. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల కళ్లు మెరుస్తూనే ఉన్నాయి.

"మీరు, మా అమ్మ చిన్నప్పుడు గిట్లనే జేసిన్రట గద ఆంటీ. నా పెండ్లిల మీరే అన్నరు, నాకు యాదికున్నది," అంది.

అవునన్నాను. అమ్మను కూడా తీసుకురమ్మన్నాను. శ్రీలత కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"అమ్మ రాదు ఆంటీ. ఇంట్ల నేను ప్రయోగాల ముచ్చట తీస్తే సాలు, లేసి బయటికి పోతది. ఎందుకో ఎన్నడు జెప్పలే. మీకెరుకనా?"

నాకు కొంత తెలుసు. నిజానికి అంతా తెలుసనే ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. కానీ అంత సంబరంగా వచ్చిన పిల్లకు ఆ కథ ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తోచలేదు. వస్తానని మాటిచ్చి పంపించేశాను. ఆ వారమంతా నేను రాయాల్సినవేవీ రాయలేకపోయాను. కాగితం ముందు కూర్చుంటే నాచారం గాలి వాసనే వచ్చేది.

నేను హైస్కూల్లో చదివే రోజుల్లో మేము ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య ఉన్న క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మా నాన్న ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో సైంటిస్టు. ఆ కాలనీలో దాదాపు అందరి నాన్నలూ సైంటిస్టులో, ఇంజనీర్లో. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే నాన్న బూట్లు విప్పకుండా వరండాలో నిలబడి ఉత్తరం వైపు చూసేవాడు. అక్కడ ఫ్యాక్టరీ గొట్టాల పొగ ఎటు వాలిందో గమనించి, "గాలి తిరిగింది," అనేవాడు. ఆ ఒక్కమాట వినగానే అమ్మ వెనకవైపు కిటికీలు మూసి, తీగ మీది బట్టలు తీసుకొచ్చేది. కాసేపటికి వాసన వచ్చేది. ఒకరోజు కుళ్లిన గుడ్ల కంపు, ఒకరోజు గొంతులో తీపిగా దిగి ఆ తరువాత మండే ఘాటు. ఆ వాసనలు వస్తే పక్కింటి ముసలాయనకు ఆయాసం వచ్చేది. మాకు కళ్లు నీళ్లు కారేవి. అయినా మా ఇళ్లలో దాని గురించి ఎవరూ కోపంగా మాట్లాడినట్టు గుర్తులేదు. ఎండాకాలం ఉక్కపోత గురించి మాట్లాడుకున్నట్టే దాని గురించీ మాట్లాడుకునేవారు. నాన్న మంచినీళ్లు స్వయంగా కాచి, చల్లారాక మడత పెట్టిన పంచె గుడ్డలో వడబోసి కుండలో పోసేవాడు. ఆ పని ఎవర్నీ చెయ్యనిచ్చేవాడు కాదు.

పాలు మాత్రం నాచారం ఊళ్లోంచి వచ్చేవి. మల్లయ్య అనే ఆయన తెల్లారేసరికి సైకిలుకు రెండు వైపులా క్యాన్లు తగిలించుకొని వచ్చేవాడు. తొణక్కుండా మూతల కింద వరిగడ్డి చుట్టలు పెట్టేవాడు. గేటు దగ్గర బెల్లు మోగితే అమ్మ గిన్నెతో పరుగెత్తేది. కొలిచి పోశాక మల్లయ్య ప్రతిరోజూ కాస్త కొసరు పోసి, ఆ కొసరు మీ పిల్లకు అనేవాడు. అమ్మ కృష్ణా జిల్లా పల్లెటూళ్లో పాడి మధ్య పెరిగిన మనిషి. హైదరాబాదులో ఆమెకు నచ్చినవి తక్కువ. ఆ తక్కువలో మల్లయ్య పాలు ఒకటి. కాచిన పాల మీద మందంగా కట్టిన మీగడను గరిటెతో పక్కకు జరిపి చూపిస్తూ, ఇదీ పాలంటే అని మురిసిపోయేది. వెన్న కాస్తే ఇల్లంతా వాసన. ఫ్యాక్టరీ గాలి వచ్చిన రోజుల్లో కూడా మా వంటింట్లో నెయ్యి వాసనే గెలిచేది.

ఆ మల్లయ్య కూతురు బాలమణి నా తరగతే. నాన్నకు తెలుగు మీడియంలోనే చదవాలన్న పట్టుదల ఉండేది కాబట్టి, కాలనీ పిల్లలు చాలామంది బస్సెక్కి ఇంగ్లీషు బడులకు వెళుతుంటే, నేను నాచారం రోడ్డు మీద ఉన్న హైస్కూలుకు నడిచి వెళ్లేదాన్ని. బాలమణి మా అందరికంటే పొడుగు. పొద్దున్నే బర్రెల పాలు పితికి, పేడ తీసి, గడ్డి వేసి బడికి వచ్చేది కాబట్టి, ఎంత శుభ్రంగా తయారైనా ఆమె దగ్గర పచ్చిగడ్డి వాసన ఉండేది. తక్కువ మాట్లాడేది. తరగతిలో ఎవరైనా తప్పు చెప్పినా నవ్వేది కాదు. దేన్నయినా కళ్లు చికిలించి చాలాసేపు చూసేది. పాఠంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పమంటే తడబడేది గానీ, చూసినదాన్ని చెప్పమంటే మాత్రం ఒక్క ముక్క వదిలేది కాదు.

ఆ సంగతి కనిపెట్టింది మా భిక్షపతి సారు. ఆయన ఫిజిక్సు, కెమిస్ట్రీ చెప్పేవాడు. ఎప్పుడూ తెల్ల చొక్కాకు సుద్దపొడి అంటుకొని ఉండేది. పాఠం మధ్యలో జేబులోంచి వక్కపొడి తీసి నోట్లో వేసుకొని, మేము చూశామని తెలిసి తనే నవ్వేవాడు. మా బడి ఆవరణలోనే రేకుల షెడ్డులో ప్రాథమిక పాఠశాల ఉండేది. ఆ పిల్లలకు సైన్స్ అంటే గోడ మీది బొమ్మలే. సారు ఒకరోజు మాలో కొందరిని పిలిచి, శనివారం మధ్యాహ్నం ఆటల పీరియడులో మూడో తరగతికి వెళ్లి ప్రయోగాలు చేయించాలని చెప్పాడు. చేసి చూపించడం కాదు, వాళ్ల చేతులతో చేయించాలి, అది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు. బాలమణిని నాకు జతగా వేశాడు.

మొదటి శనివారం నేను మాట్లాడింది నాకు ఇప్పటికీ గుర్తే. గాలి గురించి పుస్తకంలో ఉన్నదంతా గడగడా చెప్పేశాను. పిల్లలు నోళ్లు తెరుచుకొని కూర్చున్నారు. అప్పుడు బాలమణి బకెట్టు నిండా నీళ్లు తెచ్చి పెట్టి, స్టీలు గ్లాసు అడుగున కాగితం ఉండ కూరి, దాన్ని బోర్లించి నీళ్లలో ముంచితే కాగితం తడుస్తుందా తడవదా అని అడిగింది. అందరూ తడుస్తుందన్నారు. ముందు బెంచీలో కూర్చునే రేణుక అనే పిల్లను పిలిచి ముంచమంది. రేణుక మా కాలనీ పిల్లే, మా వరుసలో చివరి ఇల్లు. ఆ పిల్ల గ్లాసు ముంచి, తీసి, వేలు పెట్టి కాగితం తడిమి చూసి, పొడిగా ఉందని చెప్పలేక బాలమణి ముఖంలోకి చూసింది. ఏం చెప్పాలో అని భయం. బాలమణి ఆ పిల్ల పక్కన గొంతుకూర్చుంది.

"నా మొకం ఏం సూస్తవు బిడ్డా, కాగితం సూడు. నీకు ఏం కనవడ్డదో గది జెప్పు."

ఆ ఏడాదంతా ఆమె వాళ్లకు నేర్పింది ఆ ఒక్కటే అనిపిస్తుంది నాకు. కొవ్వొత్తి మీద గాజుసీసా బోర్లించినా, అయస్కాంతాన్ని ఇసుకలో తిప్పినా, తడిగుడ్డలో పెసలు మొలకెత్తించినా ముందు ఏమవుతుందో ఊహించమనేది, తరువాత చేయించేది, ఆ తరువాత ఏం చూశారో చెప్పమనేది. ఎందుకలా అయిందో మాత్రం వెంటనే చెప్పేది కాదు. వారం రోజులు ఆలోచించుకొని రమ్మనేది. నాకు ఒళ్లు మండిపోయేది, తెలిసిన జవాబు నాలుక చివర ఆడుతుంటే ఆపుకోవడం కష్టంగా ఉండేది. కానీ శనివారం గంట కొట్టేసరికి ఆ పిల్లలు షెడ్డు గుమ్మంలో నిలబడి ఎదురుచూసేది ఆమె కోసమే. ఆమె కనిపించగానే జడ పట్టుకొని లోపలికి లాక్కుపోయేవారు. బాలమణి నవ్వగా నేను చూసింది ఆ షెడ్డులోనే.

ఇంటి దగ్గర ఆమెకు నవ్వే కాలం కాదది. వాళ్ల పొలం ఊరికి అవతల, ఒక రంగుల ఫ్యాక్టరీ గోడకు దిగువన ఉండేది. ఆ గోడ కింది నుంచి ఒక కాలువ బయటికి వచ్చి వాళ్ల గట్టు పక్కగా పోయేది. ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారేది. మొదట్లో పిల్లలు ఆ రంగులు చూడటానికి సరదాగా వెళ్లేవారట. తరువాత బావిలో కప్పలు కనిపించడం మానేశాయి. గట్టు మీది గడ్డి కొసలు మాడాయి. చూడి బర్రెలు నెలలు నిండకుండానే ఈనేవి. పుట్టిన దుడ్డెలు లేచి నిలబడేవి కావు. మల్లయ్య ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళితే కాపలావాళ్లు లోపలికి పోనివ్వలేదు. ఊరి పెద్దలకు చెప్పుకుంటే, బర్రెకు దిష్టి తగిలిందేమో చూపించుకోమన్నారు. ఈ సంగతులన్నీ బాలమణి నాతో బడి నుంచి ఇంటికి నడిచే దారిలో చెప్పేది. ఏడుస్తూ కాదు, మామూలుగా. కాగితం తడిసిందా లేదా అన్నట్టు, తను చూసినవి చూసినట్టు చెప్పేది. ఏం చెయ్యాలని నన్ను అడిగేది కాదు. నేను వింటూ నడిచేదాన్ని.

చలికాలం వచ్చేసరికి సారు మాకు మందారపూల పాఠం ఇచ్చాడు. ఎర్రమందార రేకుల్ని వేడినీళ్లలో నానబెడితే ఊదారంగు రసం దిగుతుంది. అందులో నిమ్మరసం చుక్క వేస్తే ఎర్రబడుతుంది, సబ్బునీళ్లు వేస్తే పచ్చబడుతుంది. ఆ శనివారం మూడో తరగతి గదిలో పండగే. చింతపండు పులుసు, సున్నపు తేట, ఉప్పునీళ్లు, ఎవరికి తోచింది వాళ్లు వేసి చూశారు. పులుపు జాతివన్నీ ఎర్రగా మారుస్తాయని వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు. గంట కొట్టాక కూడా కదలలేదు. అప్పుడు బాలమణి వాళ్లకు, వచ్చే వారం ఎవరింటి నీళ్లు వాళ్లు సీసాలో తెచ్చుకోండి, నీళ్లకు ఏం రంగొస్తదో సూద్దాం అని చెప్పింది. ఆ మాట పాఠంలో లేదు. సారు గుమ్మంలోనే ఉన్నాడు, విని తల ఊపాడు.

మరుసటి శనివారం మందుసీసాల్లో, పౌడరు డబ్బాల్లో, ఒకడైతే అగ్గిపెట్టెంత గిన్నెలో నీళ్లు పట్టుకొచ్చారు. కాలనీ పిల్లలవి కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు, ఊరి పిల్లలవి చేదబావుల నీళ్లు, కొందరివి బోరింగు నీళ్లు. వరసగా గ్లాసులు పెట్టి తలా కాస్త రసం పోయించాం. ఏవీ ఎర్రబడలేదు. కొన్ని ఊదాగానే ఉన్నాయి, బోరింగు నీళ్లు కాస్త నీలానికి తిరిగాయి. పిల్లలు నిరుత్సాహపడ్డారు. అప్పుడు బాలమణి తన సంచిలోంచి ఒక సీసా తీసింది. నీళ్లు మామూలుగానే, తేటగానే ఉన్నాయి. వాటిని ఒక గ్లాసులో పోసి, రేణుకను పిలిచి అందులో రసం పొయ్యమంది.

రసం పడిన చోట మొదట తీగలా ఎర్రటి చార ఒకటి సాగింది. తరువాత గ్లాసంతా నిమ్మరసం పిండినట్టు ఎర్రబడింది. పిల్లలు ఒక్కసారిగా ముందుకు వాలారు. నిమ్మకాయ పిండినవా అక్కా అని ఎవరో అడిగారు. పిండలేదంది. మరి ఎక్కడి నీళ్లని రేణుక అడిగింది.

నేను బాలమణి చెయ్యి పట్టుకున్నాను. చెప్పొద్దని కాదు, తగిలితే చాలా చల్లగా ఉంది, అందుకని. ఆమె ఆ పిల్లల ముఖాలన్నీ ఒకసారి చూసింది.

"మా బాయి నీళ్లు. మా బర్రెలు తాగేటియి గివే," అంది.

రేణుక, తనకు నేర్పినట్టే, ఏం కనబడిందో అదే చెప్పింది. ఎర్రగైందక్కా అంది. బాలమణి అవునని, ఎర్ర సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి బోర్డు మీద గ్లాసు బొమ్మ గీయించి ఎర్రరంగు వేయించింది. సారు గుమ్మంలోంచి లోపలికి వచ్చి ఆ గ్లాసు ఎత్తి వెలుగుకు పెట్టి చూశాడు. వక్కపొడి కోసం జేబులో చెయ్యి పెట్టి, తియ్యకుండానే బయటికి వెళ్లిపోయాడు.

పిల్లలు ఇంటికి వెళ్లి చెప్పారు. వాళ్లకు అది రహస్యం కాదు, బడిలో చూసిన వింత. సాయంత్రానికి మా కాలనీలో తెలియని ఇల్లు లేదు. మరుసటి రోజు మల్లయ్య బెల్లు మోగిస్తే మా వరుసలో సగం తలుపులు తెరుచుకోలేదు. అమ్మ తెరిచింది. గిన్నె మాత్రం తీసుకెళ్లలేదు. "ఏమనుకోకు మల్లయ్యా, ఇక మేము డెయిరీ బూతు పాలు తెప్పించుకుంటాం," అంది. మల్లయ్య ఎందుకని అడగలేదు. నా వైపు చూసి చిన్నగా నవ్వి సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయాడు. క్యాన్లు నిండుగా ఉండటంతో సైకిలు బరువుగా ఊగింది. ఆ రోజంతా అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బూతు పాలు కాచి, పల్చగా కట్టిన మీగడను చూసి, చూడనట్టు మూత పెట్టేసింది.

నాన్నను నేను అడిగాను. ఆ నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయని. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఆమ్లాల గురించి చెప్పాడు. అంత ఓపిగ్గా, అంత అర్థమయ్యేలా నాకు ఇంకెవరూ ఏదీ చెప్పలేదు. బావి నీళ్లలో ఆమ్లం ఉంటే పాలల్లోకి అలాగే వచ్చెయ్యదని కూడా చెప్పాడు. అయితే మనం పాలు ఎందుకు మానేశామని అడిగితే, ఆమ్లం ఒక్కటే కాక ఆ నీళ్లలో ఇంకేముందో తెలియదు కదమ్మా అన్నాడు. మీరు చూసి చెప్పలేరా అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది మా విభాగం పని కాదమ్మా, దానికి వేరే వాళ్లుంటారు అన్నాడు. చెడ్డ మనిషి కాదు నాన్న. ఆ మాట ఆయన నాకు చెప్పినట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది. మా కాలనీలో ఏ ఇంట్లో అడిగినా అదే జవాబు వచ్చి ఉండేదని ఇప్పుడు అనుకుంటాను.

ఆ తరువాతి శనివారం ప్రయోగాలు లేవు. హెడ్మాస్టరు భిక్షపతి సారును పిలిచి, పెద్దపిల్లల చదువు పాడవుతోందని తల్లిదండ్రులు అంటున్నారనీ, ఆ పని ఆపెయ్యమనీ చెప్పాడట. మా తరగతి గదుల్లో తిరిగే ఫ్యాన్లు ఆ ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చినవేనన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. వేసవి సెలవుల తరువాత భిక్షపతి సారు మా బడికి తిరిగి రాలేదు, బదిలీ అయిందన్నారు. దీనివల్లనే అయిందో, మామూలుగా అయ్యే బదిలీయో నాకు తెలియదు. కొన్నాళ్లు మూడో తరగతి పిల్లలు శనివారం గంట కొట్టగానే గుమ్మంలోకి వచ్చి మా గది వైపు చూసేవారు. బాలమణి కిటికీ పక్కన కూర్చోవడం మానేసింది.

ఫ్యాక్టరీ మాత్రం నడుస్తూనే ఉంది. కాలువ పారుతూనే ఉంది. మల్లయ్య కొన్నాళ్లు తార్నాక దాకా సైకిలు తొక్కి పాలు పోశాడు. అక్కడికీ మాట చేరింది. బర్రెల్ని అమ్మేశారు, ఆ తరువాత పొలం అమ్మేశారు, చెంగిచెర్లలో బంధువుల దగ్గర ఇల్లు కట్టుకొని వెళ్లిపోయారు. పొలం కొన్నవాళ్లు బావి పూడ్చి షెడ్లు వేశారు. మల్లయ్య చివరిదాకా ఒక గోదాములో కాపలా పని చేశాడు. బాలమణి చదువు మానలేదు. కానీ ఇంటర్‌లో సైన్స్ తీసుకుంటుందని మేమంతా అనుకుంటే ఆర్ట్స్ తీసుకుంది. బోడుప్పల్‌లో ఒక చిన్న బడిలో తెలుగు టీచరుగా చేరి, అక్కడే ఏళ్లతరబడి పని చేసింది. మేము పెళ్లిళ్లలో, పండగల్లో కలుసుకుంటూనే ఉన్నాం. పిల్లల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఆ శనివారం మాట మాత్రం ఆమె ఎత్తలేదు. నాకూ నోరు రాలేదు. తెలియక తెచ్చిన నీళ్లు ఆమె ఇంటిని కూల్చాయనీ, దాన్ని కదిపితే ఆమెకు నొప్పి అనీ అనుకున్నాను.

మొన్న శనివారం శ్రీలత బడికి వెళ్లాను. మా రేకుల షెడ్డుతో పోలిస్తే అది రాజభవనం. గోడలకు రంగులు, పిల్లలకు చేతి తొడుగులు, ప్రతి బల్ల మీద గాజు గొట్టాలు. ఒక తొమ్మిదో తరగతి కుర్రాడు ఇద్దరు చిన్నపిల్లల మధ్య నేల మీద కూర్చొని, వాళ్లు తప్పు చేసినా చెయ్యి అడ్డం పెట్టకుండా ఓపిగ్గా చూస్తున్నాడు. నాకు చాలా సంతోషం వేసింది. తరువాత వాళ్లు నీళ్ల పరీక్ష మొదలుపెట్టారు. ఇళ్ల నుంచి తెచ్చిన నీళ్లన్నీ వరసగా పెట్టారు. అన్నిటికీ ఒకటే రంగు. మీ నీళ్లు ఎక్కడివి అని నేను ఒక పాపను అడిగాను. క్యాన్‌లోవి అంది. క్యాన్‌లోకి ఎక్కడ్నుంచి వస్తాయంటే, ఆటో అంకుల్ తెస్తాడంది. మిగతావాళ్లవీ అవే జవాబులు. అందరి ఇళ్లలోనూ బోర్లున్నాయి, ఆ నీళ్లు ఎవరూ తేలేదు. అవి బట్టలకు, బాత్రూములకు, వాటిని ఎవరు పరీక్షిస్తారు? మాకు వాసన వస్తే కిటికీలైనా మూసుకోవాల్సి వచ్చేది. మా పాలు ఏ బావి నీళ్లు తాగిన బర్రెవో, ఆ బర్రె ఎవరిదో మాకు తెలుసు. తెలిసీ ఏం చేశామన్నది వేరే సంగతి. ఈ పిల్లలకు ఆ తెలియడం కూడా లేకుండా చేశాం. బయటికి వచ్చేటప్పుడు శ్రీలత ఎట్లుందని అడిగితే, చాలా బాగుందన్నాను. అదీ నిజమే.

ఇంటికి వెళ్లబుద్ధి కాక అటే చెంగిచెర్ల వెళ్లాను. బాలమణి ముందుగదిలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నేనూ కొన్ని కాయలు ఒళ్లో వేసుకున్నాను. బడిలో చూసినవి చెప్పాను, కూతుర్ని మెచ్చుకున్నాను. ఆమె లేచి వెళ్లలేదు, వింటూ కూర్చుంది. అందుకే ధైర్యం చేసి, ఒక్కసారి ఎందుకు రావని అడిగాను.

"పిల్లలకు సూడుమంటం, సూసింది జెప్పుమంటం. వాళ్లు జెప్తరు. జెప్పినంక మనం ఏం జేస్తున్నం వసంతా? ఏం జెయ్యనప్పుడు వాళ్లను సూడుమనుడు ఎందుకు? గది నాకు సమజ్ కాలే. గందుకే తెలుగు జెప్పుకున్న."

ఆ రోజు ఆ నీళ్లు ఎర్రబడతాయని నీకు తెలియదు కదా, నువ్వేం చేస్తావు అన్నాను. ఓదార్పుగానే అన్నాను. బాలమణి కాయలు ఒలవడం ఆపి, నన్ను వింతగా చూసింది.

"ఎరుకనే. అంతకుముందే ఇంట్ల జేసి సూసిన. మా అమ్మ ఎవ్వరికి జెప్పకన్నది, పాలు బంద్ జేస్తరన్నది. నేనూ నాయిన మాట్లాడుకున్నం. మీ కాలనీల అందరు సైంటిస్టులే గద. మేం పోయి జెప్తె ఎవరింటరు? సిన్న పిల్లలు ఇంట్ల ఏది దాసుకోరు. వాళ్లు జెప్తె ఎవరో ఒక సారు బాయి కాడికి వస్తడు, నీళ్లు సూస్తడు, పెద్దోళ్లకు రాస్తడు అనుకున్నం."

ఆమె మళ్లీ ఒలవడం మొదలుపెట్టింది. గొంతులో నిష్ఠూరం లేదు, ఎప్పటిలాగే చూసినవి చూసినట్టు చెబుతోంది.

"వచ్చిన సారును బండ మీద కూసోవెడ్తమా అని నాయిన పక్కింటోళ్ల కుర్సీ అడిగి తెచ్చిండు. బాయి గడ్డ మీద నీడకు ఏసిండు. నేను బడి నుంచి రాంగనె పోయి సూసేదాన్ని, ఎవరన్న వచ్చిన్రేమో అని. వాన మొగులైతే లోపటికి తెచ్చుడు, తెరిపిస్తే మళ్ల ఏసుడు. ఆఖరుకు వాళ్లింట్ల పెండ్లి వెట్టుకున్నరు, కుర్సీ కావాలన్నరు. నాయిన కడిగి ఇచ్చేసిండు."